పద్మముద్ర, పరిశోధన ముద్ర: రంగూన్ నుంచి ఒక ఉదాహరణ

2012లో మయన్మార్ మందుల దుకాణాలకు ఒక మలేరియా మందు పద్మం గుర్తుతో చేరింది. అప్పటిదాకా విరివిగా అమ్ముడవుతున్నవి ఆర్టెమిసినిన్ ఒక్కటే ఉన్న మాత్రలు. వాటివల్ల మందుకు లొంగని మలేరియా పెరుగుతుందన్న భయంతో, పాప్యులేషన్ సర్వీసెస్ ఇంటర్నేషనల్ సంస్థ మయన్మార్ శాఖ రెండు మందుల మిశ్రమాన్ని రాయితీపై దుకాణాలకు చేర్చింది. దాని నాణ్యతా ముద్ర పేరు ‘పదోన్మా’. పాళీ ‘పదుమ’ నుంచి బర్మీస్‌లోకి వెళ్ళిన ఈ మాటను తెలుగు పాఠకుడికి విడమరచనక్కర్లేదు. బుద్ధుడి ముందు ఉంచే పువ్వు అది. కొనేవాడికి నమ్మకం కలిగించడానికి ఇంతకన్నా తగిన గుర్తు దొరకడం కష్టం.

అయితే ఇదే పద్ధతిని పరిశోధనకు వర్తింపజేయవచ్చునా? 2015-18 మధ్య, మయన్మార్, భారత్ సహా 8 దేశాల్లోని 18 ఆసుపత్రుల్లో ‘ట్రాక్ 2’ అధ్యయనం జరిగింది. మిశ్రమానికి మూడో మందు చేర్చితే మేలా, అది సురక్షితమా అన్నది దాని ప్రశ్న. ఎవరికి ఏ మందు అన్నది యాదృచ్ఛికంగా నిర్ణయమైంది. పద్మముద్ర ‘ఇది మంచిది’ అంటుంది. అధ్యయనం ‘ఇంకా తెలియదు’ అనాలి. పరిశోధనను తనకోసమే ఏర్పాటైన చికిత్సగా రోగి పొరబడటాన్ని 1982లో పాల్ ఆపెల్‌బామ్ బృందం ‘చికిత్సా భ్రమ’గా గుర్తించింది. ముచ్చటైన చిహ్నం ఆ భ్రమను పెంచితే, కింద పెట్టిన సంతకానికి విలువేముంటుంది?

పేరు సంగతీ అంతే. ‘ట్రాక్’ అన్న పొడి అక్షరాల కూర్పులో జాడ పట్టడమన్న శ్లేష ఇంగ్లీషు వచ్చినవారికే అందుతుంది. బర్మీస్ లిపిలో రాస్తే మిగిలేది వట్టి శబ్దం. (నిధులిచ్చేవారికి నచ్చే పేరు రోగికి అక్కరకు రావాలన్న నియమం లేదు.)

రంగులు మరీ చిక్కు. ఎరుపు, నెమలి ఆంగ్ సాన్ సూకీ పార్టీవి. సింహం సైన్యం అండ ఉన్న పార్టీది. 2021 ఫిబ్రవరి సైనిక తిరుగుబాటు తరువాత ఆసుపత్రి సిబ్బంది నిరసనగా ఎర్ర రిబ్బన్లు పెట్టుకున్నారు. ఆనాటి రంగూన్‌లో పరిశోధన కార్యకర్త ఛాతీపై ఎర్ర బిళ్ళ ఉంటే, దాన్ని ఏ డిజైనరూ ఊహించని అర్థంలో చదివేవారు.

అన్నిటికన్నా అశ్రద్ధకు గురయ్యేది లిపి. 2019 అక్టోబరు 1న ప్రభుత్వం యూనికోడ్‌కు మారేదాకా దేశంలోని అధిక శాతం ఫోన్లలో ‘జోజీ’ ఖతే ఉండేది. ఒకదానిలో రాసింది మరొకదానిలో చిందరవందరగా కనబడుతుంది. పైగా బర్మీస్‌లోనూ తెలుగు వత్తుల్లాగా అక్షరం కింద అక్షరం చేరుతుంది. రోమన్ లిపికి సరిపోయేలా పంక్తుల మధ్య ఎడాన్ని బిగించిన నమూనా పత్రాల్లో ఆ కింది అక్షరాలు నలుగుతాయి. సమ్మతి పత్రంలో నలిగేది ‘ఎప్పుడైనా తప్పుకోవచ్చు’ అన్న వాక్యమే కావచ్చు.

అందుకే ఇక్కడ డిజైనర్ పని చిహ్నంతో కాక ఆ పత్రంతో మొదలవ్వాలి: విశాలమైన పంక్తులు, పలకడానికి వీలైన బర్మీస్ పేరు, ‘ఇది పరిశోధన’ అన్న మాట చిహ్నం కన్నా పెద్ద అక్షరాల్లో.