హగ్గిసు సంబోధనము: బర్న్సు విందు

సంబోధనమనఁగా నభిముఖీకరణమని వైయాకరణుల మతము. ఒకరిని బిలిచి తనవైపునకుఁ ద్రిప్పుకొనుట దాని ప్రయోజనము. కావ్యములలో నీ ప్రయోజనము సిద్ధించుట యరుదు. యక్షుఁడు మేఘమును బిలుచును. మేఘము తిరిగి చూడదు. హంసను, చిలుకను, చంద్రుని, మలయమారుతమును బిలిచిన కవులు లెక్కకు మించియున్నారు. పిలువఁబడిన వస్తువును శ్రోత భావనచేతనే తెచ్చుకొనవలయును గాని, పఠనకాలమున నది యెదుట నుండదు. ఈ మర్యాదకు విచిత్రమైన యపవాద మొకటి స్కాట్లండు దేశమునఁ గలదు. అచట నేఁటేఁట జనవరి 25వ తేదీ రాత్రి జరుగు విందులో నొక పద్యకృతి చదువఁబడును. అది సంబోధించు వస్తువు పొగలు గ్రక్కుచు బల్లమీఁదనే యుండును. పద్యములు సగము గడవకముందే దాని కడుపు చీల్పఁబడును. పఠనము ముగిసిన పిమ్మట శ్రోతలు దానిని భుజింతురు. ఆ వస్తువు హగ్గిసు అను వంటకము. కృతికర్త రాబర్టు బర్న్సు. విందునకును బర్న్సు విందనియే పేరు.

బర్న్సు 1759 జనవరి 25న ఎయిర్ మండలములోని ఆలొవే గ్రామమున, తండ్రి కట్టిన మట్టిగోడల పూరియింటఁ బుట్టెను. చిరకాలము దుక్కిదున్ని బ్రతికెను. 1789లో సుంకపు కొలువునఁ బ్రవేశించెను. 1796 జూలై 21న డంఫ్రీసు పట్టణమున 37 ఏండ్ల ప్రాయమున మరణించెను. ఆతని తొలి గ్రంథము 1786లో కిల్మార్నకు పట్టణమున 612 ప్రతులుగా నచ్చుపడినది. అందలి పద్యములు ముఖ్యముగా స్కాట్లండు ప్రాంతభాషలో రచింపఁబడినవని గ్రంథనామముననే కవి చెప్పుకొనెను. తుదను బదకోశ మొకటి చేర్చెను. తన మాట పరులకుఁ దెలియదని యెఱిఁగియు నా మాటనే వ్రాసెనని దీనివలనఁ దేలుచున్నది. హగ్గిసు సంబోధనము ఆ గ్రంథమున లేదు. అది యా సంవత్సరమే డిసెంబరులో ఎడింబరో వార్తాపత్రికలోఁ బ్రకటింపఁబడి, 1787 నాఁటి ఎడింబరో కూర్పునఁ జేరినది.

గొఱ్ఱెయొక్క గుండెను, కార్జమును, ఊపిరితిత్తులను సన్నముగాఁ దఱిగి, ఓట్సు ధాన్యపు రవ్వ, ఉల్లి, క్రొవ్వు, ఉప్పు, మిరియములు గలిపి, గొఱ్ఱె కడుపుసంచిలో నించి కుట్టి యుడికించినచో హగ్గిసగును. దీనిని వినుటకే రోయు పాఠకులు పెక్కండ్రుందురు. వారు కొంత యోర్చుకొనవలయును. ఏలయన నా రోఁతయే యీ కృతికి విషయము.

కృతి యెనిమిది పద్యముల పరిమితి గలది. పద్యమునకు నాఱు పాదములు. మొదటి మూఁడును నైదవదియు దీర్ఘములై యొక యంత్యప్రాసమును, నాల్గవదియు నాఱవదియు హ్రస్వములై వేఱొక యంత్యప్రాసమును గలిగియుండును. 17వ శతాబ్దమున కిల్బార్కను గ్రామపు వాద్యకాఁడగు హాబీ సింప్సను మరణమునకై పరిహాసగర్భముగా వ్రాయఁబడిన స్మృతిపద్యములచే నీ వృత్తము ప్రసిద్ధికెక్కినది. దీర్ఘపాదములలో గంభీరముగా నడచివచ్చిన వాక్యము హ్రస్వపాదముకడఁ దటాలునఁ గూలఁబడును. ఆ కూలఁబాటే హాస్యమునకు మూలము.

మొదటి పద్యమున హగ్గిసు సామంతరాజువలె స్తుతింపఁబడును. తక్కిన ప్రేగుల వంటకములకెల్ల నది యేలిక. రెండవదానియందు రూపవర్ణనము. పిఱుదులు దూరపుకొండవలె నున్నవఁట. గ్రుచ్చిన పుల్ల యవసరమైనచో మరను బాగుచేయుటకుఁ జాలునఁట. మేనఁ జెమర్చిన బిందువులు తృణమణులవలె మెఱయునఁట. ఇచ్చట నాఁగిన పాఠకుఁడు వీరోచితమైన ఫణితిని హీనవస్తువునకుఁ దగిలించిన వినోదకృతి యిదియని త్రోసివేయును.

మూఁడవ పద్యమునఁ గత్తి వచ్చును. వైయాకరణుఁడు గమనింపవలసిన విశేష మిచ్చటనే కలదు. మొదటి మూఁడు పద్యములలోను హగ్గిసునకు మధ్యమపురుష సర్వనామము విడువక వాడఁబడినది. మొగము నీది, పిఱుదులు నీవి, ప్రేగులు నీవి. కత్తి దిగిన పిమ్మట నా సర్వనామము హగ్గిసుపట్ల మరలఁ గానరాదు. నాల్గవ పద్యమున నందఱును బోటీపడి తినుచుందురు. అయిదవదానియందు హగ్గిసు కేవలము ‘ఇట్టి భోజనము’గా మాఱినది. ఏడవదానియందుఁ గవి సభ్యులవైపునకుఁ దిరిగి చూడుఁడనును. ఎనిమిదవదానియందు మనుష్యులకుఁ గూడు పంచిపెట్టు దేవతలను బిలుచును. కోయఁబడినదానిని బిలువరాదు గదా! చదువువాఁడు దీనిని దేహముతో ననుసరించును. మొదటఁ బళ్లెరమువైపునకును, పిదప జనులవైపునకును దిరిగి, తుదకుఁ దఱచుగాఁ బళ్లెరమునే పైకెత్తి పట్టును.

అయిదు మొదలు ఏడువఱకుఁ గల పద్యములు కృతికిఁ బ్రాణము. ఫ్రెంచి వంటకములు మరగి యీ కూటిని జూచి మూతివిఱుచు వాఁడెవఁడని కవి యడుగును. ఆ వంటకములను దిన్నచోఁ బందికైనను వమనమగునని చెప్పి, వానిని దినువాఁడు వాడిన తుంగపోచ వంటివాఁడనియు, వాని పిడికిలి గింజంతయనియు, రణమునకుఁ బనికిరాఁడనియు వర్ణించును. పిమ్మట హగ్గిసు దిన్న కాపు వచ్చును. వాని యడుగులకు నేల యదరును. వాని చేతికిఁ గత్తి యందిచ్చినచోఁ దలలును గాలుసేతులును ముండ్లమొక్కల కొనలవలె రాలును. తొలిపద్యములలో వీరము హాస్యమున కంగము. ఇచట హాస్యమే వీరమున కంగమైనది. శ్రీనాథునివని చెప్పఁబడు పలనాటి జొన్నకూటి చాటువులతోఁ బోల్చినచో భేదము స్పష్టమగును. అచట సన్నన్నము మరగిన రాజకవి పేదల కూటిని జూచి నవ్వెను. ఇచటఁ బేదకూడు దిన్నకవి గొప్పవారి పళ్లెరమును జూచి నవ్వెను.

ఈ యర్థము భాషతో ముడివడియున్నది. 1786 డిసెంబరుననే హెన్రీ మెకంజీ యను ప్రసిద్ధ విమర్శకుఁడు బర్న్సును దైవదత్తమైన విద్యగల హాలికుఁడని కొనియాడుచు, ఆ ప్రాంతభాష మాత్రము కీర్తికిఁ బ్రతిబంధకమని చింతిల్లెను. గ్రామ్యము దోషమను నాలంకారికుల మాట వినినవారికి నిది క్రొత్తవాదము గాదు. అయినను మెకంజీ ప్రతిబంధకమన్న భాషయే రెండువందల యేండ్లకుఁ బైగా నొక జనసమూహమునకుఁ గంఠస్థమైయున్నది. దీనికి విందు చేసిన సహాయ మెంత?

శక్తిగ్రహమునకు వ్యాకరణము, కోశము, ఆప్తవాక్యము, వ్యవహారము, వాక్యశేషము మొదలుగా నెనిమిది సాధనములను బ్రాచీనులు చెప్పిరి. బర్న్సు విందు వీనిలో వ్యవహారమునకుఁ జక్కని యుదాహరణము. మూఁడవ పద్యమున ‘డైట్’ అను క్రియ యున్నది. ఇంగ్లీషుమాత్రము వచ్చినవానికి నది దుర్బోధము. చదువువాఁడు ఆ మాటకడఁ గత్తిని దుడుచుటతోఁ గోశముతోఁ బనిలేకపోవును. ఆ పద్యముననే ‘రీకిన్’ అను మాట గలదు. ఇంగ్లీషున దీనికి సోదరమైన పదము దుర్గంధమును జెప్పును. స్కాట్లండున నది పొగయు నావిరియు లేచుటను జెప్పును. కత్తి దిగిన క్షణముననే వేఁడియావిరి పైకెగయును గనుక సభలో నెవ్వనికిని సంశయము కలుగదు. కోశము చూచి చదువుకొన్నవానికంటె నచటఁ గూర్చున్న బాలుఁడు పదార్థమును దృఢముగా నెఱుఁగును.

తుదిపద్యమునఁ బాఠభేద మొకటి కలదు. పాతస్కాట్లండునకు ‘స్కింకింగు’ కూడు పనికిరాదని కవి దేవతలకు విన్నవించును. ఆ మాటకుఁ బలుచనిది, నీళ్లవంటిది యని యర్థము. 1787 కూర్పునఁ బ్రతులు చాలక యక్షరములు మరలఁ గూర్చినపుడు అది కొన్ని ప్రతులలో ‘స్టింకింగు’ అని, అనఁగాఁ గంపుగొట్టునదియని, యచ్చుపడెను. ఆ ప్రతులకుఁ గంపు బర్న్సులని పుస్తకప్రియులలో వాడుక. కూర్పరికిఁ దెలియని మాట తెలిసిన మాటగా మాఱుట మన తాళపత్రలేఖకులవలనను గల ప్రమాదమే. వెనువెంట వచ్చు పాదమున నా కూడు కొయ్యగిన్నెలలోఁ దొలఁకుచున్నదని కవియే చెప్పియుండుటచే వాక్యశేషమువలననే శుద్ధపాఠము తేలును. గంధమునకుఁ దొలఁకుటతో సంబంధము లేదు. పైఁగా హగ్గిసును మెచ్చుకొనుచు నితరముల కంపును దూషించుట యతిసాహసమగును!

విందు చరిత్ర సంగ్రహముగాఁ జెప్పఁదగినది. 1801లోఁ గవి వర్ధంతినాఁడు తొమ్మండ్రు మిత్రులు ఆలొవేలోని జన్మగృహమున, నప్పటికిఁ బానశాలగా మాఱినదానియందే, కూడిరి. మతాచార్యుఁడగు హామిల్టను పాల్ దానిని నడపెను, హగ్గిసుతోఁబాటు గొఱ్ఱెతలయు వడ్డింపఁబడెను, సంబోధనము చదువఁబడెను. గ్రీనకు పట్టణపు సంఘమువారు 1802లో జన్మదినమును జరుపఁబూని, తేదీ తెలియక జనవరి 29న విందుచేసిరి. మఱుసటియేఁడు ఎయిర్ గ్రామపు జననపట్టికను జూచి 25గా సవరించుకొనిరి. జూలై వేసవినుండి చలికాలమునకు మాఱుట విందునకు మేలయ్యెను. జనవరిలో నచట నాలుగున్నర గంటల ప్రాంతముననే ప్రొద్దు గ్రుంకును. క్రిస్మసు 1958 వఱకు స్కాట్లండున సెలవుదినము కాదు. వేఁడికూటికిని పాటకును జనులు కాచుకొనియుందురు. 1859 శతజయంతికి నెల్లదేశములయందును గలిసి 872 సభలు లెక్కింపఁబడినవి. వానిలో 676 స్కాట్లండుననే జరిగినవి. 1885లోఁ గిల్మార్నకున నేర్పడిన సంఘసమాఖ్య నేఁడును బడిపిల్లలకుఁ బద్యపఠనపు పోటీలు నడపుచున్నది.

ఈ విందును రుచిచూడఁగోరువాఁ డెక్కడికిఁ బోవలయును? ఆలొవే జన్మగృహము జాతీయనిక్షేపసంస్థ వశమున నున్నది. డంఫ్రీసులోఁ గవి తఱచుగాఁ గూర్చుండిన గ్లోబు పానశాలయు నున్నది. స్థలమాహాత్మ్యము కాదనరానిది. కాని గొప్ప హోటళ్లలోఁ బట్టుపట్టీలు మెడకుఁ గట్టుకొని, అయిదవ పద్యమునఁ గవి యపహసించిన ఫ్రెంచి వంటకములతోఁ బాటే హగ్గిసును జిటికెడు వడ్డించు విందులును గలవు. అచటఁ జదువువాఁడు కత్తిని ఝళిపించి కేకలువేయును. జనులు కత్తికి నవ్వుదురు, మాటకు నవ్వరు. తాము నవ్వఁబడుచున్నామని యెఱుఁగరు. ఊరి చావడిలో, టర్నిపు దుంపయు బంగాళాదుంపయు మెత్తఁగా మెదిపి ప్రక్కనఁబెట్టి, ముసలివారు పెదవులు కదలించుచుఁ గూడఁజదువుచుండఁగా జరుగు విందునఁ గృతి సాంగముగా నుండును. హగ్గిసును దోడ్కొనివచ్చు బ్యాగుపైపు తిత్తివాద్యము ఆ చిన్న చావడిలోఁ జెవులకుఁ గొంత కఠినమే. దానికి మాత్ర మౌషధము లేదు.

విందులోని తక్కిన యంగములలో ‘అమరస్మృతి’ యను ప్రసంగము విమర్శకు స్థానముగా నుండవలసినది. తఱచుగా నది స్తోత్రమై పోవుచున్నది. భోజనముముందు చదువు సెల్కర్కు ప్రార్థన బర్న్సుదని ప్రసిద్ధి గాని యది యాతనికంటెఁ బూర్వపుది. స్త్రీలనుద్దేశించి పురుషుఁడు చేయు హాస్యప్రసంగమునకు నేఁడు స్త్రీయే లేచి బదులు చెప్పుట యాచారమైనది. చిరకాలము స్త్రీలకుఁ బ్రవేశమే లేని సంఘములు గలవని తలఁచినచో నా బదులే ప్రసంగముకంటె నాసక్తికరము.

వస్తువే మాఱినచో సంబోధన మేమగును? అమెరికాలో 1971 మొదలు పశువుల ఊపిరితిత్తులు ఆహారమున నిషిద్ధములు; అచటి హగ్గిసు వానిని విడిచియే చేయఁబడును. 1984లో ఎడింబరోలో స్కాట్లండు పద్యగ్రంథాలయము ప్రారంభమైనపుడు, మాక్స్వీను అను మాంసవర్తకులు పప్పుధాన్యములు, పుట్టగొడుగులు, ఓట్సు చేర్చి శాకహగ్గిసును జేసిరి. అది నేఁడు విరివిగా నమ్ముడుపోవుచున్నది. ఈ హగ్గిసు నెదుటఁ బెట్టుకొని మూఁడవ పద్యము చదివినపుడు ప్రేగులను మాటకు ముఖ్యార్థము బాధితమై గౌణీవృత్తి నాశ్రయింపవలసివచ్చును. కత్తి దిగినపు డావిరిమాత్రము తొల్లింటివలెనే పైకెగయును గనుక ‘రీకిన్’ అను మాటకు ముఖ్యార్థమే నిలుచును.