పట్టేసిన మిషను మళ్లీ కుట్టే దాకా

పోత ఇనుముతో, ఉక్కుతో తయారైన పాతకాలపు కుట్టు మిషను అరిగిపోయి ఆగడం అరుదు. ఎండిన నూనె, దారపు పీచు, తుప్పు కలిసి దాని కీళ్లను బిగించేయడం వల్లనే అది ఎక్కువసార్లు ఆగుతుంది. అందుకే అటక మీద ముప్పై నలభై ఏళ్లు పడివుండి, చక్రం ఒక్క అంగుళమైనా కదలని మిషనును చూసి కూడా అనుభవం ఉన్న మెకానిక్కు అది పోయిందని అనడు, పట్టేసిందని అంటాడు. బాగుచేయడమంటే అతని దృష్టిలో కొత్త భాగాలు తగిలించడం కన్నా ముందు, ఉన్న భాగాలను వాటి పాత స్వేచ్ఛకు తిరిగి తేవడం.

ఆ పని తెలియాలంటే కుట్టు ఎలా పడుతుందో ముందు తెలియాలి. చేతికుట్టులో సూది గుడ్డను పూర్తిగా దాటి అవతలికి పోతుంది. మిషను సూది దిగిన దారినే పైకి వస్తుంది, కనుక దాని బెజ్జం మొన దగ్గరే ఉండాలి. సూది అట్టడుగుకు దిగి సుమారు 2 మిల్లీమీటర్లు పైకి లేచేసరికి, గుడ్డ రాపిడి పట్టి ఉంచడం వల్ల దారం దానితో సమానంగా లేవలేక సూది పక్కన చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. సరిగ్గా ఆ క్షణంలో కింద ఉన్న షటిల్ కొక్కెం ఆ ఉచ్చులో దూరి, దాన్ని పెద్దది చేసి, కింది దారం చుట్టి ఉన్న బాబిన్ చుట్టూ దాటిస్తుంది. పైన ఉన్న చేయి మిగులు దారాన్ని లాగేసుకోగానే రెండు దారాలు గుడ్డ మందంలో ఒకదానినొకటి మెలేసుకుని నిలుస్తాయి. దీన్ని లాక్ కుట్టు అంటారు. బియ్యం బస్తా మూతికి వేసే గొలుసు కుట్టు ఒక కొస లాగితే మొత్తం జారిపోతుంది. లాక్ కుట్టు ఒకచోట తెగినా పక్క కుట్లు చాలావరకు పట్టే ఉంటాయి.

ఈ ఏర్పాటు ఒక్కరి బుర్రలో పుట్టినది కాదు. మొనలో బెజ్జం ఉన్న సూదిని, షటిల్‌ను జతచేసి ఎలియాస్ హోవ్ 1846లో అమెరికాలో పేటెంటు పొందాడు. నిలువుగా దిగే సూదితో, గుడ్డను అదిమిపట్టే పాదంతో ఐజాక్ సింగర్ 1851లో తన నమూనా తెచ్చాడు. పైకి లేచి, ముందుకు నడిచి, కిందికి దిగి, వెనక్కి వచ్చే నాలుగు కదలికల పళ్లను అలెన్ విల్సన్ 1854లో రూపొందించాడు. ఒకరి హక్కు లేకుండా మరొకరు మిషను చేయలేని ఆ చిక్కు కోర్టులను దాటి 1856లో పేటెంట్ల ఉమ్మడి ఒప్పందంగా ముగిసింది. ఆ ఏడాదే సింగర్ కంపెనీ వాయిదాల మీద మిషన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. 1924లో జి. రామచంద్రన్ అనే యువకుడు యంత్రాలన్నిటినీ వ్యతిరేకిస్తారా అని అడిగినప్పుడు గాంధీజీ కుట్టు మిషనును మినహాయింపుగా చూపి, భార్య పడే శ్రమను చూడలేకే సింగర్ దాన్ని కనిపెట్టాడన్న కథను ప్రస్తావించారు. కథ ముచ్చటగానే ఉంది గాని, ఒకే కాలంలో ఒకటికి మించిన సంసారాలు నడిపిన సింగర్ జీవితం మాత్రం దానికి సాక్ష్యం పలకదు.

బాగుచేసేవారికి పేటెంట్ల చరిత్ర కన్నా విడిభాగాల చరిత్రే ఎక్కువ ఉపయోగం. మొదట్లో సింగర్ కర్మాగారంలో భాగాలను ఒక్కొక్కటిగా ఆకురాయితో అరగదీసి అమర్చేవారు కనుక ఒక మిషను భాగం మరో మిషనుకు పట్టేది కాదు. ఏ భాగమైనా ఏ మిషనులోనైనా కూర్చునే కచ్చితత్వం పందొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దాల్లో గాని కుదరలేదు. స్కాట్లాండులో క్లైడ్‌బ్యాంక్ పట్టణాన 1885లో తెరిచిన కిల్‌బోవీ కర్మాగారం 1980లో మూతపడినా, దాని పేర వెలసిన సింగర్ రైల్వే స్టేషను ఇంకా అక్కడే ఉంది. సింగర్ 15వ తరగతి అని పిలిచే, గుండ్రటి బాబిన్ నిలువుగా కూర్చునే నమూనాను తరువాతి కాలంలో జపాన్ నుంచి లూధియానా దాకా ఎందరో అనుకరించారు; 1930ల మధ్యలో కలకత్తాలో జై ఇంజనీరింగ్ వర్క్స్ ఉష పేరుతో మిషన్ల తయారీకి దిగింది; ఈనాటికీ తెలుగు ఊళ్ల టైలరు కొట్లలో ఆడే నల్ల మిషన్లలో చాలావాటికి ఆ పదిహేనో తరగతే మూలం. కనుక ఆ కుటుంబానికి చెందిన వందేళ్లనాటి మిషనుకు కూడా సూది, బాబిన్, బాబిన్ కేసు సందు చివరి మిషను సామాన్ల కొట్లోనే దొరుకుతాయి.

అయితే పాత మిషన్లన్నీ ఆ కుటుంబానివి కావు. సింగర్ 27, 28 తరగతుల్లో షటిల్ తుపాకీ తూటాలా ఉండి ముందుకూ వెనక్కూ ఊగుతుంది, అందులో బాబిన్ సన్నగా పొడుగ్గా ఉంటుంది. అంతకు ముందరి 12వ తరగతికి కావలసిన సూదులు ఇప్పుడు మామూలు దుకాణాల్లో దొరకవు. బల్లపలక మీద కుడివైపు చెక్కిన సంఖ్యను చూసి సింగర్ మిషను ఏ ఏటిదో లెక్కగట్టవచ్చు. 1900 తరువాతి సంఖ్యల ముందు ఉండే అక్షరాలు అది ఏ కర్మాగారంలో పుట్టిందో కూడా చెబుతాయి. షటిల్ పోయిన మిషనును మోజుపడి కొనేవారు ముందు ఈ వివరం చూసుకోవడం మంచిది.

పట్టేసిన మిషనును కదిలించడంలో బలం పనికిరాదు. ముందుగా చక్రం పక్కనున్న బిగింపు బిళ్లను వదులు చేసి తిప్పి చూడాలి. అప్పుడు చక్రం ఒంటరిగా తిరిగితే జబ్బు లోపల ఉన్నట్టు, అదీ తిరగకపోతే చక్రపు ఇరుసు దగ్గరే ఉన్నట్టు. లోపలి జబ్బయితే కొక్కెం తిరిగే గాడిలో చిక్కుకున్న దారపు ముక్కను, పళ్ల కింద ఏళ్ల తరబడి పేరుకుని కంబళి ముక్కలా గట్టిపడిన పీచును ముందు తీసేయాలి, ఎందుకంటే పట్టేసిందనుకున్న మిషన్లు కొన్ని ఇంతమాత్రానికే కదులుతాయి. కదలకపోతే నూనె బెజ్జాలన్నిటిలో, లోహం లోహాన్ని రాసే ప్రతి కీలులో కిరసనాయిలు చుక్కలు వేసి ఒక రాత్రి వదిలేసి, మరునాడు చక్రాన్ని అటూఇటూ వెంట్రుకవాసి చొప్పున ఆడించాలి. తొందరపడి సుత్తి అందుకుంటే పోత ఇనుము వంగదు, పగులుతుంది. కిరసనాయిలు జిడ్డును కరిగిస్తుందే గాని కీలును కాపాడలేదు. మిషను కదలగానే దాన్ని తుడిచి, పలుచని మిషను నూనె పోసి, నల్లని మడ్డి బయటికి రావడం ఆగేదాకా తిప్పుతూనే ఉండాలి. ఇళ్లల్లో మిషను నూనె అయిపోయినప్పుడు వంటనూనె పోసే అలవాటు ఒకటుంది. ఆ పూటకు చక్రం తేలిగ్గా తిరిగినా, గాలి తగిలి ఆ నూనె జిగురై, చివరికి వార్నిషులా గట్టిపడుతుంది. అటక మీది మిషన్లలో సగం కథ అదే కావచ్చు.

పైపూత దగ్గర మరింత మెలకువ కావాలి. నల్లని ఎనామిల్ మీద బంగారు రంగు పూలతీగలను అతికించి, వాటి మీద లక్కను స్పిరిట్లో కరిగించి చేసిన పారదర్శకమైన పూత వేసేవారు; కాలం గడిచేకొద్దీ ఆ పూత గోధుమరంగుకు తిరిగి, మురికిగా కనిపిస్తుంది. మురికే అనుకుని స్పిరిట్ గుడ్డతో రుద్దితే లక్క కరుగుతుంది, దాని వెనకే బంగారు తీగ కూడా చేతిగుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది. కొక్కెం గాడి కోసం తెచ్చిన కిరసనాయిలు కూడా ఈ పూల జోలికి పోకూడదు. మెత్తటి నూలుగుడ్డను మిషను నూనెలో ముంచి, అరచేతి మేర స్థలాన్ని ఒక్కో సారి గుండ్రంగా తుడుస్తూ, గుడ్డ మీద పసుపు ఛాయ కనబడగానే ఆపేయడమే సురక్షితం. రంగు పోయినచోట కొత్తగా నల్లరంగు పులమడం కన్నా, టైలరు ముంజేయి రాసుకుని రాసుకుని తేలిన ఆ ఇనుప మెరుపును అలాగే ఉంచి నూనె పూయడం మేలు. అది మిషను చేసిన పనికి గుర్తు.

కదిలిన మిషను కుట్టాలంటే దారాల బిగువు, అంటే టెన్షను, కుదరాలి. కొత్తవారు తికమకపడేది ఇక్కడే. గుడ్డ అడుగున దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడితే తప్పు అడుగున ఉందనుకుని బాబిన్ కేసు మరను తిప్పుతారు. నిజానికి పైదారాన్ని ఎవరూ పట్టి ఆపకపోవడం వల్లనే అది అంతగా కిందికి జారుతుంది, కాబట్టి పై బిళ్లల మధ్య దారం కూర్చుందో లేదో ముందు చూడాలి. పాదం ఎత్తి ఉన్నప్పుడు ఆ బిళ్లలు విడివడి ఉంటాయి, దారం ఎక్కించవలసింది అప్పుడే. బాబిన్ కేసు సంగతికి ఒక చేతి పరీక్ష ఉంది: దారం కొస పట్టుకుని కేసును వేలాడదీస్తే అది జారకుండా నిలవాలి, మణికట్టుతో చిన్నగా కుదిపితే రెండు మూడు అంగుళాలు జారి ఆగాలి. కుట్లు తప్పిపోతుంటే మాత్రం ఏ మరనూ ముట్టుకోకుండా సూది మార్చి చూడాలి. వంగిన సూది, తిరగేసి బిగించిన సూది చేసే నష్టం చాలా పెద్ద రోగంలా కనబడుతుంది. పొడవాటి గాడి ఉన్న వైపు నుంచే దారం ఎక్కించాలన్నది అన్ని మిషన్లకూ వర్తించే నియమం.

కాలితో తొక్కే మిషనులో తోలు బెల్టు వాన కాలంలో సాగి జారుతుంది, దాన్ని కాస్త కత్తిరించి తీగ కొక్కేన్ని మళ్లీ గుచ్చుకోవాలి. చేత్తో చక్రాన్ని కుట్టేవారి వైపు ఒక్క తిప్పు తిప్పి, ఆ ఊపు అందుకుని కాలు కదపడం ఒక లయ. అది కుదరనివాళ్ల కాలికింద చక్రం వెనక్కి తిరిగి దారం చిక్కులు పడుతుంది. ఒకసారి కుదిరాక కరెంటు అక్కర్లేకుండా, ఒక్క కుట్టు దగ్గర ఆగగలిగే అదుపు చేజిక్కుతుంది. జిగ్‌జాగ్ కుట్టు, సాగే బనీను గుడ్డ ఈ మిషన్ల పని కావు. నూలు జాకెట్టుకూ, పాత చీరలు పొరలు పొరలుగా పేర్చిన బొంతకూ సూది మార్చుకుంటే చాలు, ఇవి తడబడవు.

ఇంత పనిచేయగల వస్తువు ఇప్పుడు రెండు ముక్కలై అమ్ముడుపోతోంది: స్టాండు పైన గాజుపలక ఎక్కి హోటలు బల్ల అవుతుంది, తల పాత ఇనుము తూకానికి పోతుంది. 2009లో సౌదీ అరేబియాలో పాత సింగర్ మిషన్ల సూదుల్లో ఎర్ర పాదరసమనే కట్టుకథల పదార్థం ఉందన్న వదంతి లేచి, జనం వేల రియాళ్లు పోసి వాటిని కొన్నారు. ఆ ధరలో వందో వంతు పెట్టి ఒక మంచి మెకానిక్కు చేత నూనె పోయించుకునేవారు మాత్రం తక్కువే.

తెలుగునాట ఈ మిషన్లకు ఏడాదికొకసారి తప్పకుండా శుభ్రం జరిగేది దసరా ఆయుధపూజ నాడు. తెలంగాణలో మేర కులస్థుల ఇళ్లలోనూ, అన్నిచోట్లా టైలరు కొట్లలోనూ ఆ రోజు కుట్టు ఆపి, పళ్ల కింద పీచు తీసి, చక్రానికి బంతిపూల దండ వేసి, తల మీద పసుపు కుంకుమలు పెడతారు. తడి పసుపు నికెల్ పూత మీద రాత్రంతా ఉంటే మచ్చ దిగుతుంది కనుక, మరునాడు పొద్దున్నే బొట్టు తుడిచి, బెజ్జాలన్నిటిలో తలా ఒక చుక్క నూనె వేసి, చక్రాన్ని పది తిప్పులు ఉత్తినే తిప్పి, నూనె మరక పడితే పడనిమ్మని పనికిరాని పేలిక మీద మొదటి కుట్లు వేసి, ఆ తరువాతే గిరాకీ గుడ్డ పాదం కింద పెడతారు.