ఆంగ్ల మధ్యమ ప్రయోగంలో క్రియావిశేషణం అనివార్యమా?

'దిస్ బుక్ రీడ్స్ ఈజిలీ' అనే ఆంగ్ల వాక్యంలో కర్తృస్థానంలో ఉన్న పుస్తకం అర్థదృష్ట్యా కర్మ, చదివేవారు ఊహ్యం. 'ఈజిలీ'ని తొలగిస్తే వాక్యం అసంపూర్ణంగా తోస్తుంది. కైజర్, రోపర్‌ల 1984 నాటి వ్యాసం తరువాత విస్తృతంగా చర్చకు వచ్చిన ఈ మధ్యమ ప్రయోగానికి క్రియావిశేషణం నిర్మాణపరంగా అనివార్యమన్న అభిప్రాయం ఏర్పడింది.

ఈ అభిప్రాయం పూర్తిగా నిలవదు. 'దిస్ బ్రెడ్ డజంట్ కట్' అన్నప్పుడు వ్యతిరేకార్థమే చాలు. క్రియను ఊనికతో పలికితే 'దిస్ బ్రెడ్ కట్స్' కూడా సందర్భాన్నిబట్టి చెల్లుతుంది. ఏ పుస్తకమైనా చదవదగినదే కనుక 'రీడ్స్' ఒక్కటే కొత్త విషయమేదీ చెప్పదు. ఇటువంటి విశేషణాల ఆవశ్యకతను గోల్డ్‌బర్గ్, అకర్మన్ 2001లో సమాచార విలువతోనే వివరించారు.

అయితే సమాచార విలువ ఒక్కటే చాలదు. 'కేర్‌ఫుల్లీ' కొత్త విషయం చెప్పినా ఇక్కడ పొసగదు. జాగ్రత్త పాఠకుని గుణం. తేలికదనం పాఠకుని అనుభవమైనా దానికి కారణం పుస్తకమే. కాబట్టి విశేషణం కర్తృస్థానంలోని వస్తువు స్వభావాన్ని తెలపాలి.

తెలుగులో 'ఈ నవల చదివిస్తుంది' అనే వాక్యానికి విశేషణం అక్కరలేదు. ఇది మధ్యమం కాదు, ప్రేరణార్థకం. చదివించే శక్తిని నవలకు ఆపాదించే పని ప్రత్యయమే చేస్తుంది. 'ఏకబిగిన' చేరితే ఆ భావం బలపడుతుందంతే. ఆంగ్లంలో విశేషణం మోసే భారాన్ని తెలుగులో క్రియారూపమే మోస్తున్నది. కనుక అనివార్యమైనది క్రియావిశేషణం కాదు, వస్తుస్వభావ ప్రతిపాదన.