సగం మాటే మిగిలిన మట్టి పలక

రాజస్థాన్‌లో నాథద్వారాకు దగ్గర్లో, బనాస్ నది ఒడ్డున మొలేలా అనే ఊరుంది. అక్కడి కుమ్మరులు మట్టి పలకల మీద దేవుళ్లను చేస్తారు: గుర్రమెక్కిన దేవనారాయణుడు, నాగదేవత, కాలా-గోరా భైరవులు. ఆ పలకలు ఇవాళ మ్యూజియాల్లో, హోటల్ గోడల మీద, చేతివృత్తుల మేళాల్లో కనబడుతున్నాయి. ఇలాంటి వస్తువుల పక్కన ‘గిరిజన కళ’ అని రాసిన చీటీ మేం చాలాసార్లు చూశాం. ఆ రెండు మాటలతోనే మా పేచీ.

ముందు పలక సంగతి చూద్దాం. మట్టిలో గాడిద పేడ కలిపి పిసుకుతారు. రొట్టెలా పరిచి, దాని మీద బొమ్మను చేత్తోనే లేపుతారు. బొమ్మ లోపల బోలుగా ఉంటుంది. కాల్చినప్పుడు పేడ మండిపోతుంది, మట్టి పగలకుండా నిలుస్తుంది. గుడికి పోయే పలకకు రంగులు వేస్తారు.

చేసేది కుమ్మరి. కొలిచేది భిల్లులు, గరాసియాలు, గుజ్జర్లు, ఇంకా ఎందరో. మాఘమాసంలో వాళ్లు తమ పూజారి భోపాను వెంటబెట్టుకుని మొలేలాకు వస్తారు. ఏ పలక తమదో భోపా చెబుతాడు. దాన్ని ఊరికి తీసుకుపోయి గుడిలో నిలుపుతారు. పాతబడితే మళ్లీ వస్తారు. అంటే భిల్లు తన దేవుణ్ణి తాను చేసుకోడు, కుమ్మరి తాను చేసిన దేవుణ్ణి తన దగ్గర ఉంచుకోడు. రెండు జాతుల మధ్య నడిచే మాట అది. పలక ఆ మాటలో ఒక సగం.

మరి ‘గిరిజన కళ’ అన్న చీటీ ఎవరి గురించి చెబుతోంది? చేసినవాడు గిరిజనుడు కాదు, కాబట్టి కుమ్మరి పేరు పోయింది. కొలిచినవాళ్లు ఫలానా అని చెప్పలేదు, కాబట్టి భిల్లు పేరూ పోయింది. ఒక్క చీటీ ఇద్దరినీ చెరిపేసింది.

రంగు విషయంలోనూ ఇదే జరిగింది. పట్నం గోడకు పోయే పలకల్ని ఎక్కువగా రంగు లేకుండా వదిలేస్తున్నారు. ఉత్త ఎర్రమట్టి ఉంటేనే ‘అసలు’ అని కొనేవాళ్ల నమ్మకం. గుడిలో దేవుడేమో రంగులతో ఉంటాడు! మనల్ని చూసేటప్పుడూ ఇదే చూపు: సింగారం లేకుండా ఉంటేనే అడవిబిడ్డలం.

మేం కుమ్మరిని తప్పుపట్టం. ఆ పనితోనే ఇల్లు గడవాలి. మొలేలాకు చెందిన మోహన్‌లాల్ చతుర్భుజ్ కుమ్హార్‌కు 2012లో పద్మశ్రీ వచ్చింది, ఆ చేతులకు దక్కాల్సిన గౌరవమే అది. కానీ చేతికి గౌరవం దక్కినంత మాత్రాన తెగిన మాట అతుక్కోదు.

ఈ నొప్పి మాకు కొత్త కాదు. మా వైపు కోయల ఇలవేల్పుల పడిగె ఉంది. డోలీలు పాడి చెబితేనే ఆ గుడ్డ మీది బొమ్మలు మాట్లాడతాయి. పాట లేకుండా అద్దాల పెట్టెలో పెడితే అది బట్టముక్క.

మేం అడిగేది పెద్దదేం కాదు. చీటీ మీద మూడు సంగతులు రాయండి: ఈ దేవుడెవరు, చేసిన చేయి ఎవరిది, ఏ జనం కోసం చేశారు. తెలియకపోతే మొలేలా వెళ్లి అడగండి. మాఘంలో వెళ్తే ఇద్దరూ అక్కడే ఉంటారు.