తీసేవాళ్లు లేని చోట

నివేదికల భాషను మన విమర్శకులు ముట్టుకోరు. అది సాహిత్యం కాదని వదిలేస్తారు. కానీ పేదదేశాల స్త్రీల జీవితాన్ని కథకుడికన్నా ముందు కథనం చేస్తున్నది ఆ భాషే. అందులో 'కొనసాగింపు రేటు' అని ఒక మాట వుంది. గర్భనిరోధక ఇంప్లాంట్ పెట్టించుకున్న వందమందిలో ఏడాది తర్వాత ఎంతమంది చేతిలో అది ఇంకా వుందో చెప్పే అంకె. అంకె పెద్దదైతే స్త్రీలు తృప్తిగా వున్నారని రాసుకుంటారు. వద్దనుకుని రెండుసార్లు ఆస్పత్రికి నడిచి, తీసేవాళ్లు లేక తిరిగొచ్చిన మనిషి కూడా ఆ అంకెలోనే వుంటుంది. ఆమె కాదన్నది అవుననడంగా నమోదవుతుంది.

వస్తువు చిన్నదే. మోచేతికి పైన చర్మం కింద పెట్టే అగ్గిపుల్లంత కడ్డీ. ఇంప్లనాన్ అయితే ఒకటి, మూడేళ్లకు. జాడెల్ అయితే రెండు, అయిదేళ్లకు. దూర్చడానికి నిమిషాలు చాలు. తీయడానికి మత్తుసూది, చిన్న కోత, పట్టుకారు, చెయ్యి తిరిగిన మనిషి కావాలి. కడ్డీ లోతుకు దిగితే పెద్దాస్పత్రికి పోవాలి. మాత్ర మానడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. దీన్ని మానాలంటే అడగాలి. రాజకీయమంతా ఆ అడగడంలోనే వుంది.

ఇథియోపియాలో 2009 నుంచి గ్రామ ఆరోగ్య కార్యకర్తలకు ఇంప్లనాన్ పెట్టడం నేర్పారు. తీయడం నేర్పలేదు, దానికి పై ఆరోగ్య కేంద్రానికి పంపాలన్నారు. పెట్టేది గుమ్మం దగ్గర, తీసేది ఎక్కడో దూరాన. 2013లో బేయర్ కంపెనీ పేదదేశాలకిచ్చే జాడెల్ ధరను 18 డాలర్ల నుంచి 8.50కు తగ్గించింది. ఆఫ్రికాలో వాడకం బాగా పెరిగింది. తీయించుకోవడానికయ్యే బస్సు చార్జీ, పోయిన కూలి ఆ ధరలో ఎక్కడా లేవు. తీసే సేవలు అందుబాటులో వుండాలంటే ఏమేం కావాలో 2016లో 'గ్లోబల్ హెల్త్: సైన్స్ అండ్ ప్రాక్టీస్' పత్రికలో ఒక వ్యాసం వివరించింది. నిజాయితీ గల వ్యాసం. అందులో శిక్షణ వుంది, పరికరాలున్నాయి, దూరం వుంది. స్త్రీ గొంతు లేదు. వుండాలని అడగడం అన్యాయం, అది వాళ్ల పని కాదు. మన పని.

మనం చేశామా? కు.ని. ఆపరేషన్ మన కథల్లోకి వచ్చింది, ఎమర్జెన్సీ వచ్చింది. ఆ కథలు ఎక్కువగా ఆపరేషన్ బల్లమీదే ముగుస్తాయి. బలవంతం అంటే పెట్టడమే అని మనకు అలవాటయింది. తీయకపోవడం కూడా బలవంతమేనన్నది పట్టుబడలేదు. బంగ్లాదేశ్‌లో 1980ల నాటి నార్‌ప్లాంట్ ప్రయోగాల్లో, ఆరు గొట్టాలూ తీసేయమన్న స్త్రీలను వెనక్కి పంపిన వైనాన్ని ఫరీదా అఖ్తర్, ఆమె పనిచేసిన ఉబినిగ్ సంస్థ వెలికితీశారు. ఆ స్త్రీల మాటలు 1995లో బీబీసీ తీసిన 'ది హ్యూమన్ లాబొరేటరీ'లో వినిపించాయి. మనకూ పరాయి విషయం కాదు. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ ఇంజెక్షన్ ప్రయోగం జరిగింది. దానిమీద స్త్రీశక్తి సంఘటన, ఇతరులు కలిసి 1986లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఒంట్లోకి ఎక్కిన సూదిమందును తీసేయడమనేదే లేదు; దాని ప్రభావం తగ్గేదాకా ఎదురుచూడడమే.

ఇక్కడ మనవాళ్ల తొందర గురించి ఒక మాట. ఇంప్లాంట్‌ను విషంగా, స్త్రీని ప్రయోగశాల ఎలుకగా రాసేస్తే కథ వెంటనే ప్రగతిశీలంగా కనిపిస్తుంది. కానీ ఆఫ్రికాలో చాలామంది దాన్ని కోరి పెట్టించుకున్నారు. మొగుడి కంటపడే మాత్రల డబ్బా లేకుండా నాలుగు రోజులు ఊపిరి పీల్చుకున్నారు. నిన్న కావాలన్న మనిషే ఇవాళ వద్దంటుంది: నెత్తురు ఆగకనో, బిడ్డ కావాలనో, ఏ కారణమూ చెప్పకుండానో. ఈ రెండు కోరికలనూ ఒకే పాత్రలో నిలబెట్టలేని కథ నివేదికకన్నా మెరుగేమీ కాదు.

అలాగే నర్సు. ఆమెను కర్కోటకురాలిగా చిత్రిస్తే పాఠకుడికి కోపం తేలిగ్గా వస్తుంది. ఆమె దగ్గర బ్లేడు లేదు, మత్తుమందు లేదు, తీయడం ఎవరూ నేర్పలేదు. నెలాఖరుకు ఎన్ని పెట్టావని అడుగుతారు తప్ప ఎన్ని తీశావని అడగరు. 'ఇంకొన్నాళ్లు ఓర్చుకో అమ్మా' అని ఆమె అన్నప్పుడు ఆ మాటలో దయ ఎంత, భయం ఎంత, పైనుంచి వచ్చిన ఉత్తర్వు ఎంత అన్నది రచయిత తేల్చుకోవాల్సి వుంటుంది.