తొలి మూడు బంతుల నిలకడ

ప్రాక్టీసులో ముచ్చటగా ఆడి మ్యాచ్‌లో తేలిపోయే పిల్లవాడు ప్రతి టేబుల్ టెన్నిస్ హాల్లోనూ ఉంటాడు. ఎదుటివాడు ఒకేచోటికి బంతి ఇస్తుంటే వందసార్లు తప్పకుండా ఫోర్‌హ్యాండ్ కొడతాడు. జిల్లా పోటీలకు వెళ్లి, తనకన్నా తక్కువ ఆట వచ్చినవాడి చేతిలో మొదటి రౌండ్లోనే ఓడి వస్తాడు. ఇంట్లోవాళ్లు ‘టెన్షన్ పడ్డాడు’ అంటారు, కోచ్ ‘కాన్సంట్రేషన్ లేదు’ అంటాడు. ఈ రెండు మాటలూ ఆ పిల్లవాడికి అన్యాయం చేస్తాయని నా అభిప్రాయం. మ్యాచ్‌లో ఎదురయ్యే ఆటను అతనితో ఎవరూ ఆడించలేదు. లోపం అక్కడుంది.

2001 వరకు గేమ్ అంటే 21 పాయింట్లు, సర్వీసు అయిదేసి పాయింట్లకు మారేది. వరసగా మూడు నాలుగు తప్పులు చేసినా తేరుకునే వ్యవధి ఉండేది. ఇప్పుడు గేమ్ 11 పాయింట్లు, సర్వీసు రెండేసి. మూడు తప్పులు వరసగా పడితే గేమ్ చేజారినట్టే. 2024 పారిస్ ఒలింపిక్స్ ప్రీక్వార్టర్స్‌లో మన హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ, చైనాకు చెందిన ప్రపంచ నంబర్ వన్ సున్ యింగ్‌షాతో తొలి రెండు గేములనూ 10–12, 10–12తో కోల్పోయింది. రెండుసార్లూ పది పది దాకా సమంగా వచ్చినవారిని విడదీసింది రెండేసి పాయింట్లే.

ఆ సున్ యింగ్‌షా సంగతే ఇంకొకటి చెప్పాలి. అదే ఏడాది ఫిబ్రవరిలో దక్షిణ కొరియాలోని బుసాన్‌లో ప్రపంచ టీమ్ చాంపియన్‌షిప్ జరిగింది. చైనాతో తలపడినప్పుడు మన అయ్‌హిక ముఖర్జీ తొలి మ్యాచ్‌లో సున్ యింగ్‌షాను ఓడించింది. తర్వాత శ్రీజ, ప్రపంచ రెండో ర్యాంకర్ వాంగ్ యిదిని ఓడించింది. భారత్ 2–1 ఆధిక్యంలో ఉంది. ఇంకొక్క మ్యాచ్ పోతే చైనా ఓడినట్టే. అప్పుడు బరిలోకి దిగింది తొలి మ్యాచ్‌లో అయ్‌హిక చేతిలో ఓడిన సున్ యింగ్‌షానే. మనికా బత్రాను ఓడించి లెక్క సమం చేసింది, చివరికి చైనా 3–2తో గెలిచింది. మన అమ్మాయిల విజయాలు గర్వించదగ్గవి, ఆ రోజును నేను మరచిపోను. అయితే ఆటగాళ్లను తయారుచేసేవారు ఎక్కువసేపు ఆలోచించాల్సింది నాలుగో మ్యాచ్ గురించే. అంత ఓటమి తర్వాత అంత కొద్ది వ్యవధిలో మళ్లీ అదే సర్వీసు, అదే అడుగు, అదే స్ట్రోకు ఎలా వచ్చాయి? గుండెధైర్యం ఒక్కటే దానికి చాలదు. వెనుక దశాబ్దాలుగా నలిగిన శిక్షణ పద్ధతి ఉంది.

నిలకడ అంటే తప్పు చేయకుండా బంతిని అవతలికి నెట్టడమే అనుకున్న కాలమూ ఉండేది. 1936లో ప్రాగ్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో పోలండ్ ఆటగాడు అలోయిజీ ఎర్లిక్, రుమేనియా ఆటగాడు పానెత్ ఫార్కాష్‌ల మధ్య తొలి పాయింటే రెండు గంటలకు పైగా సాగింది! అలాంటి ఆటను అదుపు చేయడానికి నెట్ ఎత్తు తగ్గించారు, కాలపరిమితులు పెట్టారు. ఇప్పటి నిబంధన ప్రకారం గేమ్ పది నిమిషాలు దాటి, ఇద్దరికీ కలిపి 18 పాయింట్లు రాకపోతే ఎక్స్‌పెడైట్ పద్ధతి మొదలవుతుంది. అక్కడి నుంచి రిసీవ్ చేసేవాడు పదమూడు బంతులు తిప్పికొడితే పాయింటు అతనిదే. భయపడి ఆడేవాడికి ఈ ఆటలో చోటు లేదు. అయినా మన దగ్గర ‘నిలకడగా ఆడు’ అంటే చాలామంది పిల్లలు చేతిని ముడుచుకుని పుష్‌లు చేయడం మొదలుపెడతారు. ఎదుటివాడికి ఒక మంచి లూప్ (గట్టి టాప్‌స్పిన్ దెబ్బ) ఉంటే అక్కడితో సరి.

చైనావాళ్లు ఆటను చూసిన తీరు వేరు. సర్వీసు, రిసీవ్, మూడో బంతి: ఈ మూడింటినీ విడివిడిగా, మళ్లీ కలిపి సాధన చేయించారు. సర్వీసు చేసేటప్పుడే మూడో బంతి ఎక్కడికి రావచ్చో తెలిసి ఉండాలి. బ్యాక్‌హ్యాండ్ వైపు పొట్టిగా బ్యాక్‌స్పిన్ సర్వీసు చేస్తే ఎక్కువగా పుష్ వస్తుంది. ఆ పుష్‌ను లేపి కొట్టే టాప్‌స్పిన్‌ను ఆ సర్వీసుతో కలిపే సాధన చేయాలి. సర్వీసు ఒక గంట, లూప్ ఒక గంట అని విడగొట్టి వదిలేస్తే మ్యాచ్‌లో ఆ రెంటి మధ్య ఉండే అర సెకనులో కాళ్లు ఆగిపోతాయి. బంతి తప్పు కొట్టామనుకుంటాం గానీ, తప్పు జరిగింది అంతకు ముందే, సర్వీసు చేశాక చేతిని, కాళ్లను తిరిగి సిద్ధం చేసుకోకపోవడంలో.

మల్టీబాల్ ఈ సంప్రదాయంలో అన్నిటికన్నా విలువైనదని నేను నమ్ముతాను. కోచ్ పక్కన బుట్టనిండా బంతులు పెట్టుకుని ఒకదాని వెంట ఒకటి అందిస్తాడు. బంతి ఏరుకునే విరామం ఉండదు కాబట్టి తక్కువ సమయంలో ఎక్కువ స్ట్రోకులు పడతాయి. దాని అసలు విలువ లెక్కలో లేదు, కలగలుపులో ఉంది. మొదటి బంతి బ్యాక్‌హ్యాండ్‌కు పొట్టిగా బ్యాక్‌స్పిన్‌తో, రెండోది పొడవుగా ఫోర్‌హ్యాండ్ మూలకు టాప్‌స్పిన్‌తో, మూడోది నేరుగా మోచేయి మీదికి. నాలుగోది ఎక్కడికో ఆటగాడికి తెలియకూడదు. ఇలా ఇవ్వాలంటే బ్యాటు పట్టిన కోచ్‌కు స్పిన్ మీద పట్టుండాలి. చాలా కేంద్రాల్లో స్పిన్ లేని మెత్తని బంతులు ఒకే లయలో వేస్తుంటారు. పిల్లవాడికి చెమట పడుతుంది, తల్లిదండ్రులకు తృప్తి కలుగుతుంది, ఆట మాత్రం పెరగదు.

స్వీడన్ ఇంకో సాధనను ప్రపంచానికి ఇచ్చింది. ఫాల్కెన్‌బర్గ్ అనే చిన్న ఊరి పేరే దానికి స్థిరపడింది. 1971లో నగోయాలో ప్రపంచ సింగిల్స్ గెలిచిన స్టెలాన్ బెంగ్ట్‌సన్ అక్కడివాడే. బ్యాక్‌హ్యాండ్ మూలకు వచ్చిన బంతిని బ్యాక్‌హ్యాండ్‌తో ఆడాలి. అదే మూలకు వచ్చిన రెండో బంతిని పక్కకు జరిగి ఫోర్‌హ్యాండ్‌తో కొట్టాలి. మూడోది ఫోర్‌హ్యాండ్ మూలకు వస్తుంది, పరుగున అందుకోవాలి. మూడు బంతుల్లో బల్ల వెడల్పంతా, 1.525 మీటర్లు, కాళ్లతో కొలిచినట్టే. కాళ్లు ఆలస్యమైతే చేయి చాపి బంతిని అందుకోవాల్సి వస్తుంది, చాపిన చేతి కొట్టుడులో నిలకడ ఉండదు. తప్పు చేతిదని తిట్టేముందు కాళ్లను చూడాలి.

స్ట్రోకు సంగతికొస్తే, నెట్ ఎత్తు 15.25 సెంటీమీటర్లు. నెట్‌ను ఒరుసుకుంటూ బల్లపరుపుగా బాదితే ఏ రోజు చేయి కొద్దిగా కిందికి దిగినా బంతి నెట్‌లో పడుతుంది. బంతిని ఒరిసి టాప్‌స్పిన్ ఇస్తే నెట్ పైనుంచి కాస్త ఎత్తుగా వెళ్లినా బల్ల మీదికి దిగుతుంది. ఆ ఎత్తే ఆటగాడికి మిగులు. అందుకే పూర్తి బలం దాచుకుని, మధ్యస్థమైన బలంతో స్పిన్ ఎక్కువగా పెట్టి కొట్టే అలవాటు ముందు రావాలి. చేతిని ముడుచుకోవడం వేరు, బలాన్ని అదుపులో ఉంచుకోవడం వేరు. ఓడిన మ్యాచ్ అయ్యాక బంతులు నెట్‌లో ఎన్ని పోయాయి, బల్ల దాటి ఎన్ని పోయాయి, సర్వీసు రిసీవ్‌లో ఎన్ని పోయాయి అని కాగితం మీద రాసుకుంటే ఏం సాధన చేయాలో కాగితమే చెబుతుంది. ఎక్కువమందికి రిసీవే తేలుతుంది. నియమం ప్రకారం సర్వీసు చేసేవాడు బంతిని కనీసం 16 సెంటీమీటర్లు ఎగరేయాలి, దాన్ని ఎదుటివాడికి కనబడకుండా దాచకూడదు. అంటే రిసీవ్ చేసేవాడికి బ్యాటు బంతిని తాకే క్షణం కనబడుతుంది. ఆ తాకిడిని చూడకుండా బంతి ప్రయాణాన్నే చూసేవాడు స్పిన్‌ను ఊహించాల్సిందే.

పాయింటుకూ పాయింటుకూ మధ్య ఉన్న కొన్ని క్షణాలు కూడా ఆటలో భాగమే. ప్రతి ఆరు పాయింట్లకు తువ్వాలు వాడుకోవచ్చు, మ్యాచ్ మొత్తంలో ఒక నిమిషం టైమ్‌అవుట్ ఒకటి ఉంటుంది. నేర్చినవాడు వాటిని ఊపిరి సర్దుకోవడానికి, తర్వాతి రెండు సర్వీసులు ఏమిటో నిర్ణయించుకోవడానికి వాడతాడు. 9–9 దగ్గర కొత్త సర్వీసు ప్రయత్నించేవాడిది సాహసం కాదు, సిద్ధపాటు లేకపోవడం. అప్పుడు తనకు బాగా తెలిసిన సర్వీసే చేయాలి, ఎందుకంటే దానికి వచ్చే జవాబు కూడా తెలుసు. శరత్ కమల్ 2006లో మెల్‌బోర్న్‌లో కామన్వెల్త్ క్రీడల సింగిల్స్ స్వర్ణం గెలిచి, 2022లో నలభై ఏళ్ల వయసులో బర్మింగ్‌హామ్‌లో మళ్లీ గెలిచాడు. ఆ క్రీడల్లోనే శ్రీజతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం కూడా. పదహారేళ్ల ఎడంలో ఒకే స్థాయి ఆట రోజువారీ క్రమం వల్లే వస్తుంది.

శిక్షణ ఇస్తున్న మిత్రులకు ఒక మనవి. రోజూ చివరి అరగంట స్కోరు పెట్టి ఆడించండి. 0–0 నుంచి కాకుండా 8–8 నుంచో, 7–9 వెనుకబాటు నుంచో మొదలుపెట్టండి, ప్రతి పాయింటూ సర్వీసుతోనే మొదలవ్వాలి. తల్లిదండ్రులు కూడా మా వాడు ఎన్ని బంతులు కొట్టాడని కాకుండా, ఏ సర్వీసును ఎలా రిసీవ్ చేశాడని అడగడం మొదలుపెట్టండి.