స్టెంట్ వేశారు సరే, రక్తం సంగతేమిటి?

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ వైద్య పథకం ప్రయోగాత్మకంగా మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. తక్కినవి అనంతపురం, శ్రీకాకుళం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అప్పటికి ఆ పెద్ద జిల్లాలో ఊళ్లే. 2016 అక్టోబరు 11న వేటికవి జిల్లాలయ్యాయి. ఆరోగ్యశ్రీకి ముందు గుండెనాళం పూడుకుపోయిందంటే భూమి అమ్మాలి, అప్పు తేవాలి, రెండూ కుదరకపోతే మనిషిని ఇంటికి తెచ్చుకోవాలి. పథకం వచ్చాక తెల్లకార్డున్న కూలికి కూడా హైదరాబాద్‌లో స్టెంట్ పడింది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందుపూత స్టెంట్ ధరను పన్నులు కాక 29,600 రూపాయలకు కట్టడి చేశాక మధ్యతరగతి ఇళ్లకూ ఊపిరాడింది. ఇవి చిన్న మార్పులు కావు.

ఫిజీషియన్‌గా నా పని స్టెంట్ వేయడం కాదు. వేయించుకోవాల్సినవారిని గుర్తించి పంపడం, వేయించుకొని వచ్చినవారిని ఏళ్ల తరబడి చూసుకోవడం. ఈ పనిలో నాకు రానురాను గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. నాళం తెరవడం సగం వైద్యమే. ఆ నాళంలో పారే రక్తం ఎలా ఉందన్నది మిగతా సగం. మొదటి సగానికి పట్నం పోక తప్పదు. రెండో సగం మాత్రం మన ఊళ్లోనే, మన చేతుల్లోనే ఉంది. దాన్నే మనం పట్టించుకోవడం లేదు.

రోగి ఫైలు తెరిస్తే ఇంటిల్లిపాదీ యాంజియో కాగితం దగ్గర ఆగుతారు. ఏ నాళంలో ఎంత శాతం బ్లాకుందో, ఎన్ని స్టెంట్లు పడ్డాయో కొడుకులు గుక్కతిప్పుకోకుండా చెబుతారు. నేను ముందు వెతికేది సీబీపీ, అంటే రక్తకణాల పరీక్ష చీటీని. అందులో హిమోగ్లోబిన్ 9 అనో 8.5 అనో ఉంటుంది. అడిగితే జవాబు దాదాపు ఒకటే: ‘గది ఎప్పుడూ గంతే ఉంటది సారూ.’ ఆడవాళ్లయితే ఇంకో మాట కలుస్తుంది: ‘ఆడమనిషికి రక్తం ఏడుంటది?’

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ మగవారికి 13 గ్రాములు, గర్భవతులు కాని స్త్రీలకు 12 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం ఈ గీతకు దిగువనే ఉన్నారు. ఇంతమందికి ఉన్నదాన్ని మామూలే అనుకోవడం మన కళ్లకు అలవాటైంది. గుండె మాత్రం దానికి అలవాటు పడదు.

ఎందుకు పడదో చెబుతాను. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ప్రాణవాయువును మోస్తుంది. 15 గ్రాములున్నవారి రక్తం ప్రతి డెసిలీటరుకు దాదాపు 20 మిల్లీలీటర్లు మోస్తే, 8 గ్రాములున్నవారి రక్తం 11 కూడా మోయలేదు. కాళ్లూ చేతుల కండరాలు విశ్రాంతిగా ఉన్నప్పుడు రక్తంలోంచి కొంతే తీసుకుంటాయి. కరువొస్తే ఇంకాస్త ఎక్కువ పిండుకోగలవు. గుండె కండరానికి ఆ వెసులుబాటు లేదు. ఊరికే కూర్చున్నప్పుడు కూడా తనకొచ్చిన ప్రాణవాయువులో డెబ్బై శాతం దాకా అది వాడేసుకుంటుంది. ఇంకా కావాలంటే రక్తం ఎక్కువ పారడమొక్కటే దారి. నాళం సన్నబడినచోట ఆ దారీ మూతపడుతుంది. పైగా రక్తం పలచనైన మనిషిలో గుండె ఇంకా వేగంగా కొట్టుకోవాలి, అంటే దాని అవసరమే పెరుగుతుంది. తూము బాగుచేసినంత మాత్రాన చివరి మడి తడవదు, చెరువులో నీళ్లుండాలి.

లోకమంతటా వైద్యులు దీన్ని లెక్కలతో చూశారు. క్యాడిలాక్ అనే పెద్ద అధ్యయనంలో గుండెపోటు వచ్చి వెంటనే యాంజియోప్లాస్టీ చేయించుకున్న రెండువేల పైచిలుకు మంది ఉన్నారు. వారి వివరాలు 2004లో అచ్చయ్యాయి. రక్తహీనత లేనివారిలో ఏడాదిలోపు చనిపోయినవారు 3.5 శాతం, ఉన్నవారిలో 9.4 శాతం. రక్తం తక్కువున్నవారిలో ముసలివారూ, మూత్రపిండాలు దెబ్బతిన్నవారూ ఎక్కువుంటారు కాబట్టి ఈ తేడా అంతటికీ రక్తహీనతే కారణమని అనలేం. అయితే హిమోగ్లోబిన్ అంకె రోగి ఎంత ప్రమాదంలో ఉన్నాడో ముందే చెబుతోంది. యాంజియోలో వాడే రంగు మందు మూత్రపిండాలను దెబ్బతీసే ముప్పును లెక్కగట్టేటప్పుడు కూడా రక్తహీనతకు విడిగా మార్కులు వేస్తారు.

ఇక స్టెంట్ పడ్డాక మొదలయ్యేది మందుల కథ. స్టెంట్‌లో గడ్డకట్టకుండా ఆస్పిరిన్, దానికి తోడు క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్ నెలల తరబడి వాడాలి. ఈ జంట మందులు స్టెంట్‌ను కాపాడతాయి. అవే కడుపులోనో పేగులోనో రక్తం కారే ముప్పును పెంచుతాయి. అసలే రక్తం తక్కువున్న మనిషికి ఆ మాత్రం పోవడమూ బరువే. 2019లో అంతర్జాతీయ నిపుణుల బృందం రక్తస్రావ ముప్పు ఎక్కువున్నవారిని గుర్తించే కొలమానాలు రాసినప్పుడు 11 గ్రాముల లోపు హిమోగ్లోబిన్‌ను ప్రధాన కారణాల్లో చేర్చింది. అలాంటివారికి చేయదగినవి చాలానే ఉన్నాయి: తొడ దగ్గర కాక మణికట్టు నాళం ద్వారా చేయడం, కడుపును కాపాడే మాత్ర ఇవ్వడం, జంట మందుల కాలాన్ని తగ్గించవచ్చేమో చూడడం. ఈ చివరిది గుండె వైద్యుడు తేల్చాల్సిన విషయం. రోగి తనంతట తాను మందు ఆపితే స్టెంట్ మూసుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు.

మరి రక్తం ఎందుకు తగ్గింది? నా వృత్తిలో నాకు అన్నిటికంటే విలువైన ప్రశ్న ఇదే. పత్తి విత్తన చేలల్లో, వేరుశనగ పొలాల్లో వట్టికాళ్లతో తిరిగేవారికి కొంకిపురుగులు పట్టవచ్చు. ఒళ్లునొప్పులకు దుకాణంలో కొన్న నొప్పిమాత్రలు కడుపులో పుండు చేసి ఉండొచ్చు. మొలలను సిగ్గుతో దాచుకొని ఉండొచ్చు. ఏళ్లుగా నెలసరిలో రక్తం ఎక్కువ పోతున్నా ఆ తల్లి ఎవరికీ చెప్పుకోకపోయి ఉండొచ్చు. మూత్రపిండాల జబ్బో, బీ12 లోపమో కావచ్చు. అరవై దాటిన మగమనిషికి కారణం తెలియకుండా రక్తం తగ్గుతుంటే పెద్దపేగు క్యాన్సర్ లేదని తేల్చుకోవాలి. ‘రక్తం తక్కువుంది’ అన్నదాన్ని జవాబుగా తీసుకుంటే ఇవన్నీ మరుగున పడతాయి. దాన్ని ప్రశ్నగా తీసుకున్నప్పుడే వైద్యం మొదలవుతుంది.

తొందరలేని రోగికి, అంటే నడిస్తే నొప్పి, ఆగితే తగ్గుదల ఉన్నవారికి, ఈ వెతుకులాటకు సమయముంటుంది. కొన్నిసార్లు రక్తం పెరిగేసరికి ఛాతీనొప్పే సగం తగ్గుతుంది. గుండెపోటు మధ్యలో ఉన్న మనిషి సంగతి వేరు. అక్కడ హిమోగ్లోబిన్ కోసం నిమిషం కూడా ఆగకూడదు. గద్వాల నుంచి కర్నూలుకో హైదరాబాద్‌కో బండి కట్టేముందు దగ్గరి ఆసుపత్రిలో ఈసీజీ తీయించి, అవసరమైతే గడ్డ కరిగించే ఇంజక్షన్ వేయించి పంపడమే ప్రాణం నిలబెడుతుంది.

‘ఒక బాటిల్ రక్తం ఎక్కిస్తే అయిపాయె గద సారూ’ అని చాలామంది అడుగుతారు. వాళ్ల ఆదుర్దా నాకర్థమవుతుంది. 2023లో వెలువడిన మింట్ అధ్యయనం గుండెపోటుతో పాటు 10 గ్రాముల లోపు హిమోగ్లోబిన్ ఉన్న 3,504 మందిని పరిశీలించింది. 7-8కి పడిపోయేదాకా ఆగి ఎక్కించినవారిలో నెలలోపు మరణం లేదా మళ్లీ గుండెపోటు 16.9 శాతం, 10 దగ్గరే నిలబెట్టినవారిలో 14.5 శాతం. తేడా ఖాయమని చెప్పేంత పెద్దది కాదు, తోసిపుచ్చేంత చిన్నదీ కాదు. కాబట్టి గుండెపోటు రోగికి కాస్త ముందే ఎక్కించడం గురించి ఆలోచిస్తాం. నిలకడగా ఉన్న మనిషికి మాత్రం బాటిల్ పరిష్కారం కాదు. కారణం అలాగే ఉంటే ఎక్కించిన రక్తం మళ్లీ కారిపోతుంది.

ఈ రెండు సగాల వైద్యంలోనూ తెలుగువారి చెయ్యి ఉంది. 1990ల్లో హైదరాబాద్‌లో గుండె వైద్యుడు డాక్టర్ సోమరాజు, శాస్త్రవేత్త అబ్దుల్ కలాం కలిసి తక్కువ ధర స్టెంట్ తయారుచేశారు. అంతకు అర్ధశతాబ్దం ముందే, 1945లో, అమెరికాలో యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసి ఒక రకం రక్తహీనతకు మందు ఇచ్చింది. స్టెంట్ కథ మనకు తెలుసు. ఆ చిన్న మాత్ర కథకూ అంతే గౌరవం దక్కాలి.

రక్తం పెరగడానికి ఐరన్ మాత్ర వేసుకొనేవారు కొన్ని సంగతులు తెలుసుకోవాలి. టీతో కలిపి మింగితే ఒంటికి పట్టదు. నిమ్మరసంతో బాగా పడుతుంది. కడుపును కాపాడే మాత్ర కూడా ఐరన్‌ను సరిగా పట్టనివ్వదు, అందుకే స్టెంట్ రోగుల్లో కొందరికి నరానికి ఇచ్చే ఐరన్ మేలు. అన్నిటికంటే ముఖ్యం: ఐరన్ మాత్రతో విరేచనం నల్లబడుతుంది. కడుపులో రక్తం కారినా నల్లగానే అవుతుంది. తారులా జిగటగా, ఘాటు వాసనతో వచ్చినా, దానితో కళ్లు తిరిగినా, ఆయాసం పెరిగినా మాత్ర వల్లే అనుకొని ఇంట్లో కూర్చోవద్దు. ఆ రోజే ఆసుపత్రికి రండి.

వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022 నవంబరులో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. 2024లో గద్వాలకూ ఒకటి వచ్చింది. రక్తపరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. కాబట్టి నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. పట్నం పంపే ప్రతి గుండె రోగి చీటీ మీద హిమోగ్లోబిన్, అది తగ్గడానికి అనుమానిస్తున్న కారణం రాయాలి. తిరిగొచ్చాక నెల తర్వాత ఒకసారి, మూడు నెలల తర్వాత మరోసారి చూడాలి. ముఖ్యంగా ఆడవాళ్లకు. వాళ్ల ఆయాసాన్ని నీరసమని, ఛాతీనొప్పిని గ్యాస్ అని కొట్టిపారేసే అలవాటుకు మనం ఇప్పటికే చాలా ప్రాణాలు పోగొట్టుకున్నాం. అమ్మకు ఎప్పుడూ గంతే ఉంటదని ఏ కొడుకైనా అంటే, ఎందుకుంటుందో కనుక్కొనే బాధ్యత వైద్యులుగా మనదే. ఆ పనికి స్టెంట్ వేసే క్యాథ్‌ల్యాబ్ అక్కర్లేదు.